రికార్డు మీద పేర్లు: శ్రోతల కూటములు చేసిన పని

సంగీతం వినడం పూర్తిగా వ్యక్తిగత విషయమనీ, ఎవరి అభిరుచి వారిదనీ, అందులో విమర్శకుడు కలగజేసుకోవలసిందేమీ లేదనీ చాలామంది రచయితలు అనుకుంటారు. నవలను చర్చిస్తాం. కవితను, నాటకాన్ని చర్చిస్తాం. పాట దగ్గరికి వచ్చేసరికి అందులోని సాహిత్యాన్ని మాత్రం చర్చించి ఊరుకుంటాం. మాటల్లేని సంగీతం ఎదురైతే మన విమర్శ మూగబోతుంది. బాగుంది, బాగాలేదు అనే రెండు ముక్కలతో సరిపెట్టుకుంటుంది.

ఈ మౌనాన్ని ఆసరా చేసుకుని రెండు వాదాలు బతుకుతున్నాయి. మొదటిది శుద్ధ కళావాదుల వాదం. సంగీతం స్వచ్ఛమైన నాదం, దానికి చరిత్రతో, వర్గంతో పని లేదంటారు వాళ్ళు. రెండవది ప్రగతిశీల శిబిరంలోనే అప్పుడప్పుడు వినిపించే వాదం. రికార్డులు పెట్టుకుని పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమో, జాజో రోజూ వినడం, ఇవాళ ఇది విన్నానని తోటి అభిమానులకు చెప్పుకోవడం కడుపు నిండినవాళ్ళ కాలక్షేపమనీ, దానిమీద సిరా ఖర్చు దండగనీ ఈ వాదం. పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. నిజానికి ఒకే చోట కలుస్తాయి. వినడానికీ శ్రమకూ సంబంధం లేదని రెండూ ఒప్పుకుంటాయి.

గ్రామఫోను రికార్డు చరిత్ర ఇందుకు భిన్నమైన సంగతులు చెబుతుంది. రోజూ విన్నదాన్ని పంచుకునే శ్రోతల కూటములు ఇరవయ్యో శతాబ్దంలో ఒక ముఖ్యమైన పని చేశాయి. సరుకుగా మారిపోయిన సంగీతానికి దాన్ని తయారుచేసిన మనుషుల పేర్లను తిరిగి జతచేశాయి. ఆ పని చేసినంత కాలం అవి విమర్శను ముందుకు నడిపాయి. మానేసినప్పుడు సరుకుల జాబితాలు రాసుకునే సంఘాలుగా మిగిలాయి. ఈ రెండు దశలనూ, వాటి కారణాలనూ వివరంగా చూద్దాం.

సరుకుగా సంగీతం

1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే రికార్డింగ్ నిపుణుడు గ్రామఫోన్ కంపెనీ తరఫున కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేశాడు. గంటల తరబడి సాగే గానం కొద్ది నిమిషాలలో ముగియవలసి వచ్చింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల రికార్డులో ఒక్కో పక్కకు పట్టేది సుమారు 3 నిమిషాలు. కళాకారుడి ఊపిరి ఎంతసేపు ఆడాలో ఇక్కడ నిర్ణయించింది రాగం కాదు, రికార్డు కొలత. ఈ కొలత ఖయాలుకు ఎంత వర్తించిందో జాజ్‌కూ అంతే వర్తించింది. డ్యూక్ ఎల్లింగ్టన్ 1935లో చేసిన 'రెమినిసింగ్ ఇన్ టెంపో' అనే ఒకే ఒక్క రచన రెండు రికార్డుల నాలుగు పక్కలను ఆక్రమించింది. 1948లో కొలంబియా కంపెనీ లాంగ్ ప్లే రికార్డు తెచ్చేదాకా ఈ సంకెల తెగలేదు.

కొలత ఒక్కటే సమస్య అయితే దాన్ని సాంకేతిక లోపమని సరిపెట్టుకోవచ్చు. కాని ఎవరిని రికార్డు చెయ్యాలి, ఎవరి పేరు అచ్చు వెయ్యాలి, ఎవరికి ఎంత ఇవ్వాలి అనేవి సాంకేతిక ప్రశ్నలు కావు. జాజ్ అమెరికా నల్లజాతి ప్రజల సృష్టి. కాని మొట్టమొదటి జాజ్ రికార్డుగా చరిత్రకెక్కింది 1917 ఫిబ్రవరిలో విక్టర్ కంపెనీ కోసం తెల్లవాళ్ళ బృందం వాయించిన రికార్డు. ఆ బృందం పేరు ఒరిజినల్ డిక్సీలాండ్ జాజ్ బ్యాండ్. సృష్టించినవాళ్ళు ఒకరైతే, 'ఒరిజినల్' అనే మాట లేబుల్ మీద వేయించుకున్నవాళ్ళు మరొకరు.

1923 ఏప్రిల్‌లో కింగ్ ఆలివర్ బృందం ఇండియానా రాష్ట్రంలోని రిచ్‌మండ్ పట్నంలో జెనెట్ కంపెనీకి వాయించింది. అప్పటికి మైక్రోఫోను వాడుకలోకి రాలేదు. అందరూ ఒక పెద్ద గరాటా ముందు నిలబడి వాయించాలి. పెద్ద డ్రమ్ము మోతకు సూది అదిరిపోతుందని బేబీ డాడ్స్ చేత చెక్క దిమ్మెల మీద దరువు వేయించారు. లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే యువకుడు మొట్టమొదట రికార్డుకెక్కింది అక్కడే. అదే జెనెట్ కంపెనీ, సొమ్ము చెల్లించినవాళ్ళకల్లా రికార్డులు అచ్చువేసి ఇచ్చే వ్యాపారంలో భాగంగా, కూ క్లక్స్ క్లాన్ పాటల రికార్డులు కూడా అచ్చువేసి ఇచ్చింది. నల్లవాడి కార్నెట్టూ, నల్లవాణ్ణి ఉరితీసే మూక పాటా ఒకే కార్ఖానాలో తయారయ్యాయి. పెట్టుబడికి చెవులు లేవనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కర్లేదు.

బెస్సీ స్మిత్ విషయం చూడండి. ఆమె 1923 నుంచి కొలంబియాకు పాడింది. రికార్డుకు పనికొచ్చిన ఒక్కో పక్కకు మొదట్లో 125 డాలర్లు ఇచ్చారు. రాయల్టీ లేదు. రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయాయి. 1937లో ఆమె కారు ప్రమాదంలో చనిపోయింది. 1970 దాకా ఆమె సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేదు. ఆ ఏడాది గాయని జానిస్ జాప్లిన్, హువానీటా గ్రీన్ కలిసి డబ్బిచ్చి రాయి వేయించారు. బెస్సీ గొంతు ఎన్నో ఇళ్ళలో మోగుతూనే ఉంది. ఆ గొంతు మీద లాభం తీసుకున్న వ్యవస్థ సమాధికి ఒక పలక పెట్టించడం తన ఖర్చు కాదనుకుంది. రికార్డు అనే సరుకు స్వభావం ఇది. గొంతును మనిషి నుంచి విడదీస్తుంది. విడదీసిన గొంతు ఎప్పటికీ తిరుగుతుంది, మనిషిని మాత్రం మరిచిపోతారు.

పంచుకోవడం ఎలా మొదలైంది

1930ల్లో యూరప్‌లో అమెరికన్ జాజ్ రికార్డు దొరకడమే కష్టం, దొరికినా ఖరీదు ఎక్కువ. ఒక్కడు కొన్నదాన్ని పదిమంది వినడం అవసరంలోంచి పుట్టిన అలవాటు. మన గ్రంథాలయోద్యమ కాలంలో ఊరికొచ్చిన ఒక్క పత్రికను ఒకరు చదివితే చుట్టూ కూర్చున్నవాళ్ళు విన్నట్టే ఇదీను. పారిస్‌లో 1932లో హాట్ క్లబ్ ఏర్పడింది. లండన్‌లో 1933లో మొదటి రిథమ్ క్లబ్ ఏర్పడి, త్వరలోనే బ్రిటన్ పట్నాలన్నిటికీ ఆ పద్ధతి పాకింది. పద్ధతి చాలా సాదా. ఒకరు రికార్డులు పట్టుకొచ్చి వినిపించాలి, వాటి గురించి చెప్పాలి. మిగిలినవాళ్ళు విని వాదించాలి.

శాస్త్రీయ సంగీతంలో ఈ సమష్టితనం మరో రూపంలో వచ్చింది. బేతోవెన్ పియానో సొనాటాలు ముప్ఫైరెంటినీ ఆర్టర్ ష్నాబెల్ 1932-35 మధ్య లండన్‌లో రికార్డు చేశాడు. కంపెనీ తన డబ్బుతో సాహసించిన పని కాదిది. బేతోవెన్ సొనాటా సొసైటీ పేరున శ్రోతలు ముందుగా చందాలు కట్టారు. చందాదారులు చాలినంతమంది పోగయ్యాకే సంపుటాలు వచ్చాయి. మార్కెట్టు వద్దన్నదాన్ని శ్రోతలు కలిసికట్టుగా సాధించుకున్నారు.

జాజ్ శ్రోతలకు చందాతో తీరని మరో సమస్య ఉంది. రికార్డు లేబుల్ మీద బృందం పేరు ఉంటుంది, నాయకుడి పేరు ఉంటుంది. మధ్యలో గుండె ఝల్లుమనేలా ఆ ఎనిమిది కొలతల క్లారినెట్ వాయించింది ఎవరో ఉండదు. జాజ్‌లో అది చిన్న సంగతి కాదు. శాస్త్రీయ రచనలో స్వరకర్త రాసిపెట్టిన దాన్ని వాద్యకారుడు పలికిస్తాడు. జాజ్‌లో వాద్యకారుడు అప్పటికప్పుడు సృష్టిస్తాడు. అతని పేరు తెలియకపోవడమంటే కవితాసంపుటిలో కవుల పేర్లు తీసేసి ప్రచురణకర్త పేరొక్కటే ఉంచడం లాంటిది.

అందుకే ఈ కూటములు పేర్లు వెతకడం మొదలుపెట్టాయి. విన్న ప్రతి రికార్డుకీ వాయించినవాళ్ళెవరు, ఏ తేదీన, ఏ ఊళ్ళో అని పట్టీలు రాసుకున్నాయి. ధ్వనిని బట్టి వేలిముద్రలు పోల్చినట్టు పోల్చారు. వాద్యకారులను కలిసినప్పుడల్లా అడిగారు. ఒకరి పట్టీలోని తప్పును మరొకరు దిద్దారు. పారిస్ హాట్ క్లబ్బుకు చెందిన షార్ల్ దెలొనే 1936లో ప్రచురించిన 'హాట్ డిస్కోగ్రఫీ' ఈ కృషికి తొలి గొప్ప ఫలితం. విశ్వవిద్యాలయాలు జాజ్ గుమ్మం తొక్కని రోజుల్లో ఆ కళకు చరిత్రరచన పునాదులు వేసింది సాయంత్రాలు రికార్డులు పెట్టుకుని వాదించుకున్న మామూలు శ్రోతలు. ఈ సంగతి సాహిత్య విద్యార్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

న్యూయార్క్‌లో ఇది ఇంకో అడుగు ముందుకు వేసింది. మిల్ట్ గేబ్లర్ నడిపిన కమొడోర్ అనే చిన్న రికార్డు దుకాణం అక్కడి శ్రోతలకూ, వాద్యకారులకూ, విలేఖరులకూ కలుసుకునే చోటు. 1935లో ఏర్పడిన యునైటెడ్ హాట్ క్లబ్స్ ఆఫ్ అమెరికా పేరున, కంపెనీలు మూలపడేసిన పాత రికార్డులను ఆయన మళ్ళీ అచ్చు వేయించాడు. ఆ లేబుళ్ళ మీద వాద్యకారులందరి పేర్లూ, రికార్డు చేసిన తేదీ వేయించాడు. కంపెనీ చెరిపేసిన పేర్లను శ్రోతలు తిరిగి రాశారు.

ఆ దుకాణమే 1939లో ఒక చారిత్రక కర్తవ్యం నిర్వర్తించింది. న్యూయార్క్ ఉపాధ్యాయుడూ కమ్యూనిస్టూ అయిన ఏబెల్ మీరొపోల్, నల్లవాళ్ళను చెట్లకు ఉరితీసే అమానుషం మీద రాసిన కవిత 1937లో ఉపాధ్యాయ సంఘం పత్రికలో అచ్చయింది. అదే 'స్ట్రేంజ్ ఫ్రూట్' పాట అయింది. బిల్లీ హాలిడే దాన్ని కెఫే సొసైటీ అనే క్లబ్బులో పాడుతుంటే శ్రోతలు నిశ్చేష్టులయ్యేవారు. ఆమెతో ఒప్పందం ఉన్న కొలంబియా కంపెనీ మాత్రం ఆ పాట రికార్డు చెయ్యనంది. అప్పుడు కమొడోర్ ముందుకొచ్చింది. 1939 ఏప్రిల్ 20న రికార్డయిన ఆ పాటలో ఆమె గొంతు మొదలయ్యే ముందు చాలాసేపు వాద్యాలే మోగుతాయి. శ్రోత తప్పించుకునే వీలు లేకుండా దారి మూసి, అప్పుడు పాట మొదలవుతుంది. ఫ్రాంకీ న్యూటన్ ట్రంపెట్, టాబ్ స్మిత్ ఆల్టో సాక్సొఫోన్, కెనెత్ హోలన్, స్టాన్లీ పేన్ టెనర్ సాక్సొఫోన్లు, సోనీ వైట్ పియానో, జిమ్మీ మెక్‌లిన్ గిటార్, జాన్ విలియమ్స్ బాస్, ఎడ్డీ డోహర్టీ డ్రమ్ములు. ఎనిమిది పేర్లూ ఇక్కడ రాయడం పాండిత్య ప్రదర్శన కోసం కాదు. ఆ పాట ఎనిమిది మంది వాద్యకారులూ ఒక గాయనీ ఒక కవీ కలిసి చేసిన పని. పేర్లు రాస్తేనే అది పనిగా కనిపిస్తుంది.

ఇరవై ఏళ్ళ తర్వాత మార్క్సిస్టు చరిత్రకారుడు ఎరిక్ హాబ్స్‌బామ్ జాజ్ మీద రాస్తూ ఫ్రాన్సిస్ న్యూటన్ అనే కలం పేరు పెట్టుకున్నాడు. 1959లో వచ్చిన 'ది జాజ్ సీన్' ఆ పేరుతోనే వచ్చింది. ఆ కలం పేరు ఈ ట్రంపెట్ వాద్యకారుడి నుంచి తీసుకున్నదే. ఒక చరిత్రకారుడు ఒక వాద్యకారుడి పేరును తన కలానికి కట్టుకోవడం శ్రోతల కూటముల సంస్కారం నుంచి వచ్చింది.

గోర్కీ, అడోర్నో: ఎక్కడ పొరబడ్డారు

ఇక్కడ ఇబ్బందికరమైన ప్రశ్న ఒకటి ఎదుర్కోవాలి. జాజ్‌ను తీవ్రంగా ఖండించినవాళ్ళలో మనం గౌరవించే గోర్కీ ఉన్నాడు. ఇటలీలోని సోరెంటోలో ఉన్న కాలంలో, పక్క హోటలు నుంచి రాత్రిపూట వినవచ్చిన సంగీతాన్ని నిరసిస్తూ 1928లో 'ప్రావ్దా'లో ఆయన వ్యాసం రాశాడు. బలిసినవాళ్ళ సంగీతమని ఆయన తీర్పు. ఆ తీర్పు సోవియట్ యూనియన్‌లో దశాబ్దాలపాటు జాజ్ మీద దండంగా ఉపయోగపడింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి యువకులు వాడిపారేసిన ఎక్స్‌రే ఫిల్ముల మీద నిషిద్ధ సంగీతాన్ని గీసుకుని రహస్యంగా చేతులు మార్చుకోవలసిన స్థితి వచ్చింది. ఎవరివో పక్కటెముకల బొమ్మ మీద జాజ్ పాట! కార్మికవర్గ రాజ్యంలో, అణచివేతకు గురైన జాతి సంగీతానికి ఈ గతి పట్టడం సమర్థించదగినది కాదు. అలా సమర్థించబూనడం మార్క్సిజం కాదు.

అడోర్నో వాదం ఇంకా లోతైనది, అందువల్ల ఇంకా జాగ్రత్తగా జవాబు చెప్పవలసినది. 1936లో జాజ్ మీదా, 1938లో సంగీతపు వస్తుపూజా స్వభావం మీదా, శ్రవణశక్తి క్షీణత మీదా ఆయన వ్యాసాలు రాశాడు. పెట్టుబడిదారీ సమాజంలో శ్రోత సంగీతాన్ని వినడం లేదనీ, టిక్కెట్టుకు తాను చెల్లించిన డబ్బునే పూజిస్తున్నాడనీ ఆయన అన్నాడు. ఇందులో సగం నిజం ఉంది. తన అల్మారాలో ఉన్న రికార్డుల సంఖ్య చెప్పుకుని పొంగిపోయే శ్రోతకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది.

గోర్కీ, అడోర్నో ఇద్దరూ దూరం నుంచి విన్నారు. ఒకరు హోటలు గోడ అవతల నుంచి, మరొకరు సరుకు అంగడి అవతల నుంచి. ఇద్దరికీ జాజ్ ఒక పోగుగా వినిపించింది. అందులో పేర్లున్న మనుషులు వినిపించలేదు. సరుకును విమర్శించే క్రమంలో సరుకు వెనకున్న శ్రమజీవిని కూడా సరుకుతోపాటు బయటికి విసిరేశారు. సరుకు రూపం నిజం. దాని లోపల బందీ అయిన సృజనాత్మక శ్రమ కూడా నిజం. మొదటిదాన్ని మాత్రమే చూసే విమర్శ సగం విమర్శ. రిథమ్ క్లబ్బుల్లో కూర్చున్న గుమాస్తాలూ, విద్యార్థులూ సిద్ధాంతం తెలియకపోయినా రెండోదాన్ని వెతికారు.

పట్టీ పెత్తనమైనప్పుడు

అయితే ఈ కూటములను ఆదర్శీకరించడం కూడా తప్పే. పేర్లు వెతకడానికి పుట్టిన పట్టీ క్రమంగా పెత్తనానికి సాధనమైంది. ఏది అసలైన జాజ్, ఏది కాదు అని తీర్పులివ్వడం మొదలైంది. హాట్ క్లబ్ నాయకుడు యూగ్ పనాసియే ఇందుకు మంచి ఉదాహరణ. జాజ్‌ను ఫ్రాన్స్‌లో ప్రచారం చేసినవాళ్ళలో అతను ముఖ్యుడు. కాని యుద్ధం తర్వాత చార్లీ పార్కర్, డిజీ గిలెస్పీ తెచ్చిన బీబాప్ వినగానే ఇది జాజే కాదన్నాడు. ఈ తగాదాతో 1947లో క్లబ్బు చీలింది. దెలొనే ఒక వైపు, పనాసియే మరో వైపు అయ్యారు. నల్లజాతి వాద్యకారులు తమ సొంత సంగీతాన్ని మార్చుకోవడానికి పారిస్ శ్రోత అనుమతి కావలసి వచ్చిందన్నమాట! మొన్నటి రికార్డు మీది ప్రేమ, ఇవాళ బతికి ఉన్న మనిషి మీద పోలీసు కావలి అయింది. సాహిత్యంలోనూ ఇలాంటి కావలివాళ్ళు మనకు తెలియనివాళ్ళు కారు.

దీనికి కారణం వ్యక్తుల మూర్ఖత్వం ఒక్కటే కాదు. రికార్డు మాత్రమే వినేవాడికి రికార్డులో లేనిది లేనట్టే. ఆ లోటు ఎంత పెద్దదో 1942 సమ్మె చెబుతుంది. అమెరికన్ సంగీత కార్మికుల సంఘం, జేమ్స్ పెట్రిల్లో అధ్యక్షతన, 1942 ఆగస్టు 1 నుంచి రికార్డింగులు బంద్ చేసింది. రేడియోలూ, జ్యూక్ బాక్సులూ వాద్యకారుడు ఒకసారి వాయించిన దాన్ని వెయ్యిసార్లు తిప్పి, అదే వాద్యకారుడి ఉద్యోగాన్ని తింటున్నాయి. తమ శ్రమతో తయారైన వస్తువే తమ పొట్ట కొడుతున్నదని సంఘం వాదించింది. పరాయీకరణ గురించి పుస్తకాల్లో చదువుకునే మాట ఇక్కడ కూలి తగాదాగా బజారుకెక్కింది. అమ్మిన ప్రతి రికార్డు మీదా సంఘం నిధికి కొంత చెల్లించడానికి డెక్కా 1943లోనూ, విక్టర్, కొలంబియా 1944 నవంబరులోనూ ఒప్పుకున్నాయి. ఆ నిధితో ఉద్యోగాలు లేని వాద్యకారులకు కూలి ఇచ్చి ప్రజలకు ఉచిత కచేరీలు పెట్టించారు.

శ్రోత అల్మారాలో ఈ సమ్మె ఒక ఖాళీగా కనిపిస్తుంది. 1943లో పార్కర్, గిలెస్పీ ఇద్దరూ వాయించిన ఎర్ల్ హైన్స్ బృందానికి రికార్డులు లేవు. ఎల్లింగ్టన్ అమెరికా నల్లజాతి చరిత్రను సంగీతంగా మలిచిన 'బ్లాక్, బ్రౌన్ అండ్ బేజ్' 1943 జనవరి 23న కార్నెగీ హాలులో మోగింది. విక్టర్ కంపెనీ కొన్ని భాగాలు మాత్రం 1944 డిసెంబరులో రికార్డు చేసింది. ఆనాటి కచేరీ పూర్తి రికార్డుగా ప్రజల చేతికి వచ్చింది 1977లో. బీబాప్ ఆకాశం నుంచి ఊడిపడినట్టు చాలామంది శ్రోతలకు తోచిందంటే, అది ఎదిగిన ఏళ్ళు రికార్డుకెక్కకపోవడం ఒక ముఖ్య కారణం. పట్టీలో ఖాళీ ఉన్నప్పుడు అక్కడ ఏమీ జరగలేదనుకోకూడదు. చాలాసార్లు పోరాటం జరిగి ఉంటుంది.

ఆర్కెస్ట్రాలో తొంభై మంది

శాస్త్రీయ సంగీతపు శ్రోత తన నిత్య శ్రవణ పట్టీలో ఏం రాస్తాడు? స్వరకర్త, రచన, కండక్టర్, ఆర్కెస్ట్రా, సంవత్సరం. ఆర్కెస్ట్రా అనే ఒక్క మాటలో తొంభై మంది మాయమవుతారు. సంవత్సరం మాత్రం రెండు అంకెలుగా మిగులుతుంది. ఆ అంకెలను చదవడం నేర్చుకోవాలి.

1938 జనవరి 16న వియన్నాలో బ్రూనో వాల్టర్ నాయకత్వాన మాహ్లర్ తొమ్మిదవ సింఫనీ కచేరీ జరిగింది. కలకత్తాలో గౌహర్ జాన్‌ను రికార్డు చేసిన ఆ గైస్‌బర్గే దీన్నీ రికార్డు చేయించాడు. మొత్తం ఇరవై పక్కలు. రెండు నెలలు తిరక్కుండా, మార్చిలో, హిట్లర్ సైన్యం ఆస్ట్రియాలో దిగింది. వాల్టర్ యూదుడు, నాజీల పాలన సాగినంత కాలం ఆ వేదిక ఎక్కే వీలు లేకపోయింది. ఆర్కెస్ట్రా అగ్రవయొలినిస్టు ఆర్నాల్డ్ రోజే 1881 నుంచి అక్కడ వాయిస్తున్నవాడు, మాహ్లర్‌కు బావమరిది వరస. ఆయన్ని వెళ్ళగొట్టారు. లండన్‌లో తలదాచుకుని 1946లో చనిపోయాడు. ఆయన కూతురు ఆల్మా ఆష్‌విట్జ్‌లో ఖైదీ స్త్రీల వాద్యబృందానికి నాయకత్వం వహించి 1944లో అక్కడే మరణించింది. ఆ ఆర్కెస్ట్రా సభ్యుల్లో మాక్స్ స్టార్క్‌మన్, విక్టర్ రోబిట్‌సెక్ నాజీల చేతుల్లో చనిపోయినవాళ్ళ జాబితాలో ఉన్నారు.

మాహ్లర్ తొమ్మిది, వాల్టర్, 1938 అని ఒక శ్రోత మరో శ్రోతకు చెప్పినప్పుడు ఈ చరిత్రంతా చెప్పినట్టు కావాలి. కేవలం వేగం ఎక్కువా, తక్కువా, ధ్వని స్పష్టంగా ఉందా, లేదా అని మాట్లాడుకుని ముగిస్తే ఆ రికార్డును విన్నట్టు కాదు. అలాగే 1942 మార్చిలో బెర్లిన్‌లో ఫుర్ట్‌వెంగ్లర్ నడిపిన బేతోవెన్ తొమ్మిదవ సింఫనీ రికార్డును మహాద్భుతమని చెప్పే శ్రోత, మానవులందరూ సోదరులనే ఆ రచనను వింటూ ఆ హాలులో కూర్చున్నవాళ్ళెవరో, ఆ నెలలో ఆ రాజ్యం ఏం చేస్తున్నదో అడగాలి. సంగీతం గొప్పగా ఉండడం ఈ ప్రశ్నను రద్దు చెయ్యదు. గొప్పగా ఉండడంవల్లనే ప్రశ్న మరింత పదునెక్కుతుంది. ఈ రెంటినీ ఒకేసారి చెవిలో పట్టుకోగలగడమే పెరిగిన శ్రవణశక్తి.

వినడం ఉత్పత్తి అయిన చోట

శ్రోత ఎప్పుడూ వినియోగదారుడే అనే అభిప్రాయాన్ని కూడా చరిత్ర కొట్టేస్తుంది. 1937 వేసవిలో పదిహేడేళ్ళయినా నిండని చార్లీ పార్కర్, కౌంట్ బేసీ రికార్డులు వెంట తీసుకెళ్ళి, లెస్టర్ యంగ్ వాయించిన భాగాలు పదేపదే విని స్వరం స్వరం నేర్చుకున్నాడు. అతనికి రికార్డు పాఠశాల. జపాన్‌లో ఈ పాఠశాల కాఫీ హోటలు రూపం తీసుకుంది. దిగుమతి రికార్డు కొనలేనివాళ్ళు ఒక కప్పు కాఫీ ఖరీదుకు గంటల తరబడి కూర్చుని వినడానికి వీలిచ్చేవి జాజ్ కిస్సాలు. మోగుతున్న రికార్డు అట్టను అందరికీ కనిపించేటట్టు పెట్టేవారు. అంటే పేరు అందరిదీ అయ్యేది. యోకొహామాలో 1933లో మొదలైన చిగూసా అలాంటిది. యుద్ధకాలంలో జాజ్ శత్రువు సంగీతమని నిషేధించారు. 1945 బాంబుదాడిలో ఆ హోటలు రికార్డులతో సహా బూడిదైంది. మళ్ళీ లేచింది. తొషీకో అకియోషి వంటి యువ వాద్యకారులు అక్కడ కూర్చుని రికార్డు విని స్వరాలు రాసుకున్నారు. నలుగురూ కలిసి విన్న చోట కొత్త వాద్యకారులు పుట్టారు.

ఇవాళ రికార్డు కొరత పోయింది. నూరేళ్ళ సంగీతం జేబులోని టెలిఫోనులో ఉంది. కాని పేర్ల విషయంలో మనం ముందుకు వెళ్ళలేదు, కొన్ని చోట్ల వెనక్కి పోయాం. స్ట్రీమింగ్ తెర మీద నాయకుడి పేరూ ఒక బొమ్మా కనిపిస్తాయి. బాస్ ఎవరు, డ్రమ్ములు ఎవరు అని వెతికితే చాలాసార్లు జవాబు దొరకదు. 1935లో ఒక దుకాణదారుడు లేబుల్ మీద వేయించిన పేర్లను కోట్లు గడించే కంపెనీలు మళ్ళీ చెరిపేస్తున్నాయి. లెక్క కూడా కొత్త రకం. స్పాటిఫైలో 30 సెకన్లు వింటే ఒకసారి విన్నట్టు. మూడు నిమిషాల పాటకైనా, 25 నిమిషాల సింఫనీ భాగానికైనా లెక్క ఒకటే. 78 చుట్ల రికార్డు కొలత రాగాన్ని కత్తిరించినట్టే ఈ 30 సెకన్ల కొలత కొత్త సంగీతాన్ని కత్తిరిస్తోంది. ఏడాదిలో వెయ్యిసార్లు మోగని రికార్డుకు 2024 నుంచి ఆ కంపెనీ పైసా ఇవ్వడం మానేసింది. చిన్న వాద్యబృందాల మీద ఈ వేటు ఎలా పడుతుందో ఊహించడం కష్టం కాదు. అందువల్ల విన్నదాన్ని పేర్లతో సహా రాసి పంచుకునే శ్రోత అవసరం తగ్గలేదు, పెరిగింది.

మన ముందున్న పని

ఇదంతా దూరదేశాల సంగతి అనుకునేవాళ్ళు మన జానపద గేయ సంకలనాలు తీసి చూడాలి. చాలావాటిలో సేకరించినవారి పేరు అట్ట మీద ఉంటుంది. సంపాదకుడి పేరు, పీఠిక రాసినవారి పేరు లోపల ఉంటాయి. నాట్లువేస్తూ, తిరగలి తిప్పుతూ ఆ పాట పాడిన స్త్రీ పేరు ఉండదు. ఏ ఊళ్ళో, ఏ ఏట, ఏ పనిలో ఉండగా పాడిందో ఉండదు. జాతి సంపద అనే గంభీరమైన మాట కింద ఒక మనిషి శ్రమ కనుమరుగైపోతుంది. ఒరిజినల్ డిక్సీలాండ్ అని లేబుల్ అంటించినవాళ్ళకూ మనకూ తేడా ఎంతో ఆలోచించుకోవాలి. పాడినవాళ్ళు ఉన్నంతకాలం ఆ ఖాళీలు పూరించవచ్చు. వాళ్ళు పోయాక ఏ డిస్కోగ్రఫీ పూరించలేదు.

రచయితలకూ విద్యార్థులకూ ఇందులో ఆచరణ ఉంది. నలుగురు కలిసి సంగీతం వినే అలవాటు చేసుకోవాలి. హిందుస్తానీ అయినా, కర్ణాటకం అయినా, జాజ్ అయినా, బుర్రకథ అయినా సరే. విన్న ప్రతిదానికీ వంత పాడినవాళ్ళ దగ్గర్నుంచి, తంబురా మీటినవాళ్ళ దగ్గర్నుంచి పేర్లు రాయాలి. ఏ ఏట, ఎక్కడ, ఎవరి డబ్బుతో, ఎంత కూలికి అని అడగాలి. రికార్డులో లేనిదేమిటో కూడా అడగాలి. ఈ ప్రశ్నలు సంగీతానందానికి అడ్డు వస్తాయని శుద్ధ కళావాదులు భయపెడతారు. స్ట్రేంజ్ ఫ్రూట్ వెనక ఉపాధ్యాయ సంఘం పత్రిక ఉందని తెలిసినందువల్ల ఆ ట్రంపెట్ ధ్వని పలచబడలేదు. రోజే పేరు తెలిసినందువల్ల ఆ వయొలిన్ల శ్రుతి తప్పలేదు.

సంగీతాన్ని ప్రజలకు దూరం చేసింది దాని కష్టం ఒక్కటే కాదు. దాని చుట్టూ పేరుకున్న పేరులేనితనం కూడా. ఆ పేర్లను తిరిగి రాసే పని మొదలుపెట్టింది ఒకప్పుడు జీతాలు చాలని గుమాస్తాలూ, విద్యార్థులూ, ఒక రికార్డు దుకాణదారుడూ. ఆ పనిని మన భాషలో, మన పాటకుల విషయంలో కొనసాగించడం మన విమర్శ బాధ్యత.